వలస వచ్చినవారికి ఆరోగ్య బోధ
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ దినములలో మన దేవాలయములను గురించి, బడులను గురించి, ఆసుపత్రులను గురించి పెద్దలు ఎన్నో సంగతులు చెప్పారు. మాకు ఇచ్చిన అంశము వాటికంటె చిన్నది. అయినను స్టేషనుకు ఇంత దగ్గరగా కాపురములు ఉంటున్న మనము తప్పించుకోలేనిది. పొట్ట చేతపట్టుకొని మన ఊరికి వచ్చే పరభాషల వారికి ఆరోగ్య విషయములు ఏ సాధనములతో చెప్పవలెను, ఎట్లా చెప్పితే వారికి అందుతుంది అన్నదే ఆ అంశము. మేము అంటే ఉద్యోగ విరమణ చేసిన ముగ్గురు నర్సులము, ఇద్దరు పంతుళ్ళము, చాలా కాలము మందుల దుకాణము నడిపిన ఒక సోదరుడు. గడచిన రెండు సంవత్సరములు ఇటుకల కాలములో నగరము అంచున ఉన్న బట్టీలకు వెళ్ళి వస్తున్నాము. చూచినదీ చదివినదీ కలిపి చెప్పుతాము.

సికింద్రాబాదులో 'స్థానికులు' అనే మాటను కొంచెము జాగ్రత్తగా వాడవలెను. 1806లో నిజాము సికందర్ జా పేరు మీద వెలసిన నాడు ఇది ఒక దండు. అందుచేతనే పాతవారు నేటికీ లష్కరు అంటారు. దండు వెంట మద్రాసు వైపు నుండి మొదలియార్లు వచ్చారు, బొంబాయి వైపు నుండి పారశీకులు వచ్చారు. తరువాత రైలు వచ్చింది, రైలుతో ఆంగ్లో ఇండియనులు వచ్చారు. ఇంటిలో అవ్వ అరవము మాట్లాడిన కుటుంబములు ఈ సభలోనే ఎన్ని ఉన్నవో మనకు తెలియనిది కాదు. ముందు బండిలో వచ్చినవారు వెనుక బండిలో వచ్చినవారిని చూచి 'వీళ్ళెవరు' అని అడుగుతూ ఉంటారు, అంతే.

ఇప్పటి వెనుక బండిలో వస్తున్నవారు ముఖ్యముగా మూడు తెగలు. పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల వారు వరికోతలు కాగానే, నవంబరు డిసెంబరు నెలలలో, ఇటుక బట్టీలకు వస్తారు. సర్దారు దగ్గర ముందుగా బయానా తీసుకొని ఆ అప్పు తీరేదాకా పని చేస్తారు. దీనినే వాళ్ళు దాదన్ అంటారు. లెక్క మనిషికి కాదు, కుటుంబమునకు. మొగుడు, పెళ్ళాము, మట్టి ముద్దలు అందించే ఒక పిల్లో పిల్లవాడో కలిసి ఒక జట్టు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. వానలు పడేవరకు, అంటే జూను దాకా, ఇక్కడే ఉంటారు. రెండవ తెగ బీహారు, జార్ఖండు, ఉత్తర ప్రదేశ్, బెంగాలు నుండి మేడలు కట్టే పనికి వచ్చే యువకులు. 2020 మే 1వ తేదీ తెల్లవారుజామున, లాక్‌డౌను రోజులలో, దేశములోనే మొట్టమొదటి శ్రామిక రైలు మన లింగంపల్లి నుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. ఇంతమంది మన మధ్య ఉన్నారన్న సంగతి ఆ రైలు కదిలిన తరువాత గాని మనలో చాలమందికి తెలియలేదు. మూడవవారు బర్మాలోని రఖైన్ సీమ వదలి వచ్చిన రోహింగ్యాలు. 2012 తరువాత ఎక్కువగా వచ్చి బాలాపూరు చుట్టుపక్కల గుడిసెలలో ఉంటున్నారు. శరణార్థులన్న గుర్తుగా వారిలో చాలమంది దగ్గర ఐక్యరాజ్య సమితి వారి కార్డు ఉన్నది. మన దేశము 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో చేరలేదు గనుక ఆ కార్డుకు ఎంత విలువ ఉంటుందో ఎదుటివారి మనసును బట్టి ఉంటుంది.

ఒక లెక్క మీ ముందు పెట్టుతాము. బట్టీ కాలము ఆరు ఏడు నెలలు. పుట్టిన బిడ్డకు టీకాలు ఆరవ వారమున, పదవ వారమున, పద్నాలుగవ వారమున వేయించవలెను, తరువాత తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా. దసరాకు బలాంగీర్‌లో పుట్టిన బిడ్డకు ఈ మొదటి వరుస టీకాలన్నీ మన బట్టీలోనే రావలెను. అక్కడి ఆశ కార్యకర్త పుస్తకములో ఆ బిడ్డ 'ఊరిలో లేదు'. ఇక్కడి కార్యకర్త పుస్తకములో ఆ బిడ్డ అసలే లేదు. క్షయ జబ్బుకు మందు సాధారణముగా ఆరు నెలలు వాడవలెను. ఫిబ్రవరిలో మందు మొదలుపెట్టిన మనిషి జూనులో మూటాముల్లె సర్దుకొని వెళ్ళిపోతాడు. అప్పటికి దగ్గు తగ్గి ఉంటుంది, ఒంటికి కాస్త కండ పట్టి ఉంటుంది. ఇంకా రెండు నెలల మందు మిగిలి ఉన్నదనీ, మధ్యలో మానితే జబ్బు తిరగబడుతుందనీ, తిరగబడినప్పుడు ఈ మందులకు లొంగకపోవచ్చుననీ ఆ మనిషికి అర్థమయ్యే మాటలలో ఎవరైనా చెప్పి ఉంటేనే మిగిలిన మందు పడుతుంది. లేనియెడల ఆ మనిషితోపాటు ఇంటిల్లిపాదికీ ముప్పు.

ఈ దేశములో ఇందుకు మందులు లేకపోలేదు. క్షయ పరీక్ష, మందులు ఉచితము. నిక్షయ్ అనే పద్ధతిలో ఒకసారి పేరు ఎక్కితే ఆ నంబరు మీద బలాంగీర్‌లో ఆగిన చోటు నుండి ఇక్కడ, ఇక్కడ ఆగిన చోటు నుండి అక్కడ మందు తీసుకోవచ్చును. పోషణకు నెలకు 500 రూపాయలు 2018 ఏప్రిల్ నుండి బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చారు, 2024 నవంబరు నుండి దానిని 1,000 చేశారు. టీకాలు ఏ రాష్ట్రములో మొదలుపెట్టినా ఏ రాష్ట్రములోనైనా పూర్తి చేయించవచ్చును. మన నగరములో 2018 నుండి బస్తీ దవాఖానలు ఉన్నవి. 108 బండి 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైనది. ఇవన్నీ ఉండగా బట్టీలోని తల్లికి అందనిది ఏది అంటే, ఇవి ఉన్నవన్న కబురు. మేము కలిసిన ఆడవారిలో 108 సంగతి తెలిసినవారు కొందరే. తెలిసినవారిలోనూ, ఫోను చేస్తే తెలుగులో ఏమి అడుగుతారో, చోటు ఏమని చెప్పవలెనో అన్న భయము చేత ఫోను చేయనివారు ఉన్నారు.

ఇక భాష సంగతికి వస్తాము. ఇక్కడ కొంచెము ఆలస్యము చేస్తే క్షమించవలెను, ఎందుకంటే మాలో ఇద్దరు పంతుళ్ళున్నారు.

ఒడియాలో విరేచనములను ఝాడా అంటారు. కబురు 'ఝాడా' అని వస్తే తెలుగు నర్సుకు 'జాడ' అని వినబడుతుంది. 'ఎవరి జాడమ్మా' అని అడుగుతుంది. వాంతిని వాళ్ళు బాంతి అంటారు, ఇది దగ్గరి చుట్టము, పట్టుబడుతుంది. దగ్గును కాశ అంటారు. మన పాత వైద్య గ్రంథములలో కాసము ఉన్నది గాని నేటి మన ఇండ్లలో ఎవరికీ తెలియదు. క్షయను యక్ష్మా అంటారు. జ్వరము, టీకా అనే మాటలు అందరికీ ఒక్కటే, అది మన అదృష్టము. 'మందు' సంగతి మరీ విచిత్రము. పనిచోట నాలుగు తెలుగు మాటలు నేర్చుకున్న మనిషి ఈ మాటను సారాయి అన్న అర్థములో ముందు నేర్చుకుంటాడు. అతనితో 'రోజూ తప్పకుండా మందు వేసుకో' అని మనము చెప్పితే, తెల్లబోయి చూచినా తప్పు అతనిది కాదు. 'పరగడుపున' అన్న మాట సరేసరి, మన పిల్లలలోనే ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. దీనికి తోడు బలాంగీర్, నువాపడా వైపు వారిలో చాలమంది ఇంటిలో మాట్లాడేది సంబల్‌పురీ. భువనేశ్వరములో అచ్చువేసిన గ్రాంథికపు ఒడియా కరపత్రము తెచ్చి ఇచ్చినంత మాత్రాన మన పని అయిపోయినట్లు కాదు.

ఒక్క మాటకు ఎంత ఖరీదు పడుతుందో అమెరికా వారు 1980లో తెలుసుకున్నారు. ఫ్లోరిడాలో విల్లీ రమిరెజ్ అనే 18 ఏండ్ల క్యూబా కుటుంబపు పిల్లవాడిని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివారు స్పానిషులో 'ఇంటాక్సికాడో' అన్నారు. తిన్నది ఏదో పడలేదు, ఒంటికి విషమైనది అని వారి భావము. వైద్యులు ఇంగ్లీషు మాటతో పోల్చుకొని మత్తుమందు మింగినాడు అనుకొని ఆ వైద్యమే చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావము అవుతున్నది. అది తెలిసేసరికి రెండు రోజులు గడచినవి, పిల్లవాడి కాళ్ళూ చేతులూ పడిపోయినవి. ఇంటివారు ఆసుపత్రికి రావడములో జాప్యము చేయలేదు, వైద్యులు చూడకుండా వదలలేదు. మధ్య మాట చెప్పే మనిషి లేడు, అంతే లోపము.

మన ఆసుపత్రులలో ఆ మనిషి పని పిల్లల మీద పడుతున్నది. అన్న బడికి కొద్ది రోజులు వెళ్ళి కొంచెము తెలుగు, కొంచెము హిందీ పట్టుకొని ఉంటాడు. తల్లికి ముట్టు ఎప్పుడు ఆగినదో, ఎక్కడ రక్తము పోతున్నదో ఆ పదేండ్ల పిల్లవాడి నోట అడిగించడము, అతని నోట చెప్పించడము మేము కళ్ళారా చూచినాము. తల్లి సగము చెప్పదు, పిల్లవాడు తెలియని సగము వదిలేస్తాడు. అట్లా రెండు సగములు పోగా మిగిలినదానికి చీటీ వ్రాస్తారు. ఆ చీటీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది.

రోహింగ్యాల విషయములో అచ్చు కాగితము ఇంకా తక్కువగా పనికి వస్తుంది. వారి భాష చిట్టగాంగు బెంగాలీకి దగ్గరిది, నోటి మీద బ్రతికిన భాష. దానికంటూ ఒక లిపిని హనీఫ్ అనే పండితుడు 1980 దశకములో కూర్చినారు, 2018లో అది కంప్యూటరు అక్షరముల పట్టికలో చేరినది. కాని మామూలు తల్లులలో ఆ లిపి చదివేవారు తక్కువ. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టము వారిని పరాయివారిగా చేసిన తరువాత బడి చదువు కూడ చాలమందికి అందలేదు. అందువలన వారికి కావలసినది చెవికి వినబడే మాట. తమలోని ఒక పెద్దమ్మ గొంతులో రికార్డు చేసి ఫోనులో పంపిన రెండు నిమిషముల మాట, రంగుల కాగితము కంటె ఎక్కువ ఇండ్లకు చేరుతుంది. మొగవారి గొంతు అయితే గర్భిణుల సంగతి ఎవరూ వినరు, ఇది కూడ చెప్పవలసి ఉన్నది.

ఇప్పుడు మన దేశములోనే జరిగిన ఒక గొప్ప సంగతి చెప్పుతాము. శరణార్థులకు ఆరోగ్య బోధ ఎట్లా చేయవలెనన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి పాఠము మాకు దొరకలేదు.

1971లో తూర్పు పాకిస్తాను యుద్ధములో సుమారు కోటి మంది సరిహద్దు దాటి మన దేశములోనికి వచ్చారు. పశ్చిమ బెంగాలులోని బోన్‌గావ్ వద్ద శిబిరములో కలరా చెలరేగినది. డాక్టరు దిలీప్ మహలనబీస్ అక్కడికి వెళ్ళేసరికి రోగులు నేల మీద, ఒకరి పక్కన ఒకరు పడి ఉన్నారు. నరములోనికి ఎక్కించే సెలైను నిండుకున్నది, ఎక్కించడము తెలిసిన చేతులు కూడ చాలవు. అప్పుడు ఆయన కలకత్తాలో ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజు కొలిచి చిన్న సంచులలో కట్టించి తెప్పించి, నీళ్ళలో కలిపి డ్రమ్ములలో పోయించారు. తల్లులను, అన్నలను, అక్కలను పిలిచి, మీ రోగికి మీరే గ్లాసుతో త్రాగించండి అన్నారు. ఆ గుడారములలో నర్సులు వాళ్ళే అయ్యారు. అంతకుముందు 100 మందికి 20, 30 మంది చనిపోతున్న చోట మరణములు 100కు 3.6కు దిగినవి. ఆ కలిపే పద్ధతిని చిన్న కాగితముగా అచ్చువేసి సరిహద్దు వెంబడి పంచారు. బంగ్లాదేశ్ వారి రహస్య రేడియోలో కూడ చదివించారు. కాగితము చదువు వచ్చినవారికి, రేడియో రానివారికి. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి సంవత్సరము ప్రభుత్వము పద్మవిభూషణ్ ఇచ్చినది. బ్రతికి ఉండగా ఇచ్చి ఉంటే బాగుండేదని మా అభిప్రాయము.

ఆ శరణార్థులు తిరిగి వెళ్ళిన దేశములో ఈ కథ ఇంకా ముందుకు సాగినది. 1980 నుండి 1990 వరకు బ్రాక్ అనే సంస్థ వారు బంగ్లాదేశ్‌లో ఇంటింటికీ ఆడ కార్యకర్తలను పంపి, కోటి ఇరవై లక్షలకు పైగా ఇండ్లలో తల్లులకు ఇంటి సరుకులతోనే ఆ నీళ్ళు కలపడము నేర్పినారు. వారి కొలత పాత్రలు ఏవి? మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అర సేరు నీళ్ళు. చేతికంటె ఎప్పుడూ దగ్గర ఉండే కొలత మరొకటి లేదు గదా. గుర్తుంచుకోవలసిన సంగతులు పదే. ఇంతవరకు ఎవరైనా ఆలోచించగలరు. వారు చేసిన గొప్ప పని జీతములో ఉన్నది. కార్యకర్త వెళ్ళి వచ్చిన కొన్నాళ్ళకు మరొకరు వెళ్ళి, ఆ తల్లిని 'ఏమి నేర్చుకున్నావు, కలిపి చూపించు' అని అడుగుతారు. తల్లికి ఎంత జ్ఞాపకము ఉంటే కార్యకర్తకు అంత జీతము. ఎన్ని ఇండ్లు తిరిగినది, ఎన్ని కాగితములు పంచినది అన్నది లెక్కలోనికి రాదు.

అయినను మొదట్లో నేర్చుకున్న తల్లులలో చాలమంది ఆ నీళ్ళు వాడలేదు. ఎందుకని విచారిస్తే, నేర్పిన కార్యకర్తలకే దాని మీద నమ్మకము లేదని తేలినది. తమకు విరేచనములు పట్టినప్పుడు వాళ్ళు వేరే మాత్రలు వేసుకుంటున్నారు. అప్పుడు వాళ్ళను పిలిపించి ఈ నీళ్ళు ఒంటిలో ఏమి చేస్తవో వివరముగా నేర్పినారు. ఊరిలో తల్లుల ఎదుట తాము కూడ త్రాగి చూపించారు. మొగవారిని వదలి ఆడవారితోనే మాట్లాడినందున ఇంటి పెద్ద అడ్డుపడుతున్నాడని తెలిసి, మొగవారిని కూడ కూర్చోబెట్టి చెప్పినారు. మాకు ఈ సంగతి చదివినప్పటి నుండి కాగితముల కట్టలు చూస్తే కొంచెము అనుమానము కలుగుతున్నది. మన ఆరోగ్య దినములలో 'ఇన్ని వేల కరపత్రములు పంచినాము' అని నివేదిక చదువుతారు. ఎంతమంది తిరిగి చెప్పగలిగినారని నివేదికలో ఒక గడి పెట్టితే ఆ అంకె ఎంత వస్తుందో!

మన తెలుగువారు కూడ ఇటువంటి కాగితములు అర్థముకాక నిలబడినవారే. పాలమూరు మేస్త్రీలు, కూలీలు కట్టని ఆనకట్ట ఈ దేశములో తక్కువ. బొంబాయిలోని కామాటిపురకు ఆ పేరు మన తెలంగాణము నుండి వెళ్ళిన కామాటీల వలన వచ్చినది. కోరంగి రేవు నుండి ఓడలెక్కి రంగూను వెళ్ళి రేవులో మూటలు మోసినవారిని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1942లో జపాను బాంబులకు భయపడి కొండలు అడవులు పట్టి నడిచి వచ్చినప్పుడు కలరాకు, చలిజ్వరమునకు దారిలోనే ఎందరో రాలిపోయారు. 1964 తరువాత మరల వేలాదిగా తిరిగి వచ్చినవారికి విశాఖపట్నము కంచరపాలెములో బర్మా క్యాంపు వెలసినది. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

ఈనాడు మన సంఘములో బిడ్డలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. పురుళ్ళకని వెళ్ళి వచ్చిన అమ్మలు ఇక్కడ ఉన్నారు. అక్కడి ఆసుపత్రిలో 'మీది ఏ భాష' అని అడిగి, ఫోనులో తెలుగు మాట్లాడే మనిషిని పిలిచి, డాక్టరు మాట తెలుగులో, మీ మాట ఇంగ్లీషులో చెప్పించినారని మీరే మాకు చెప్పినారు. అది వారి మంచితనము ఒక్కటే కాదు, ఏర్పాటు. ఆస్ట్రేలియా ప్రభుత్వము 1973లోనే వలసవారి కొరకు ఫోను ద్వారా దుబాసీ సేవ మొదలుపెట్టినది. అమెరికాలో సియాటిల్ నగరపు హార్బర్‌వ్యూ ఆసుపత్రి వారు 1994 నుండి ఎత్నోమెడ్ అనే పేరుతో కాంబోడియా, ఇథియోపియా, సోమాలియా మొదలైన చోట్ల నుండి వచ్చినవారి కొరకు వారి వారి భాషలలో ఆరోగ్య పాఠములు తయారు చేస్తూ వచ్చారు. అందులో ఒక సగము రోగుల కొరకు, ఇంకొక సగము వైద్యుల కొరకు. ఆ జనము జబ్బును ఏమని పిలుచుకుంటారు, దేనికి భయపడతారు, బాలింతకు ఏమి పెట్టుతారు అన్నది వైద్యుడు నేర్చుకొనుటకు. మన తల్లికి పరదేశములో తెలుగు మాట దొరికినది. నగరము నుండి గంట ప్రయాణములో ఉన్న బట్టీలో బలాంగీర్ తల్లికి ఒడియా మాట దొరకదు. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడమని మా మనవి.

మేము చేస్తున్నది చాలా కొద్ది. ఐదు సంగతులకు మించి చెప్పకూడదని మొదటనే కట్టడి పెట్టుకున్నాము. రెండు వారములు దాటిన దగ్గుకు కఫము పరీక్ష చేయించవలెను. విరేచనములకు ఓఆర్ఎస్ పొట్లము మొత్తము ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి త్రాగించవలెను, సగము పొట్లము దాచుకోకూడదు. బిడ్డ టీకాల కార్డు బియ్యపు మూటతో సమానముగా వెంట తెచ్చుకోవలెను. గర్భిణికి ముఖము ఉబ్బినా, విడువని తలనొప్పి వచ్చినా, రక్తము కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లవారేదాకా ఆగకూడదు. 108కి ఫోను చేసి బట్టీ పేరు, ఊరి పేరు చెప్పవలెను. ఐదవదాని కొరకు బట్టీ పేరు, దగ్గర ఊరు, దారి గుర్తు తెలుగులో పలికే విధముగా ఒడియా అక్షరములలో పెద్దగా వ్రాయించి కొట్టము గోడకు అంటించినాము. అంటించిన కాగితములలో ఇది ఒక్కటే చినగకుండా నిలిచినది.

మేడలు కట్టే చోట ఆరవ సంగతి ఒకటి చేర్చవలసి వచ్చినది, దోమలు. స్లాబు తడపడానికి నిలవబెట్టిన నీళ్ళు, తొట్లు, డ్రమ్ములు డెంగీ దోమకు ఇష్టమైన ఇల్లు. ఆ దోమ మురికి కాలువలో కాదు, మంచి నీటిలోనే గుడ్లు పెట్టుతుందంటే పనివారు ఒక పట్టాన నమ్మరు. మన బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న డాక్టరు రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడన్నది మనమందరము బడిలో చదివినాము. ఆ దోమలు కుట్టినది హుసేన్ ఖాన్ అనే ఒక రోగిని. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. మా యువకుడు ఒకడు ఈ కథ హిందీలో చెప్పితే బీహారు కుర్రవాళ్ళు పగలబడి నవ్వినారు. మరుసటి వారము వెళ్ళేసరికి 'అణా ఇచ్చే డాక్టరు దోమ' అని వాళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. డ్రమ్ములకు మూతలు కూడ కనిపించినవి, అన్నిటికీ కాదు.

బట్టీలో బ్రాక్ వారి పద్ధతినే మా శక్తి కొలది పాటిస్తున్నాము. చెప్పడము అయిన తరువాత, 'మీ చెల్లెలు రేపు ఊరి నుండి వస్తుందనుకో, ఆమెకు ఎట్లా చెప్పుతావు, మాకు వినిపించు' అని అడుగుతాము. 'అర్థమైనదా' అని అడిగితే ప్రతివారు తల ఊపుతారు, అది మర్యాద. తిరిగి చెప్పించినప్పుడు గాని అసలు సంగతి బయటపడదు. ఓఆర్ఎస్ సంగతి బాగా తిరిగి చెప్పిన ఒక నువాపడా స్త్రీ చివర, 'మరి లీటరు అంటే ఏ గిన్నె దీదీ' అని అడిగినది. అక్కడి గిన్నెలు, చెంబులు, సీసాలు అన్నీ తెప్పించి కొలిచి చూచినాము. ఖాళీ లీటరు నీళ్ళ సీసా ప్రతి కొట్టములోనూ ఉన్నది. ఆనాటి నుండి మా బొమ్మలో గ్లాసులు పోయి సీసా వచ్చినది. ఆ స్త్రీయే ఇప్పుడు ఆ వరుసలోని పన్నెండు కొట్టములకు పంతులమ్మ. మేము చెప్పినదానికంటె ఆమె చెప్పినది వాళ్ళు బాగా పట్టుకుంటారు, ఆమె మాటలో సంబల్‌పురీ ఉన్నది, సామెత ఉన్నది, అవసరమైన చోట తిట్టు కూడ ఉన్నది.

ఈ పనికి రాదలచినవారికి రెండు మూడు మాటలు. పగటి ఎండకు భయపడి వాళ్ళు తెల్లవారుజామున, రాత్రి పని చేస్తారు, మనకు వీలైన వేళ వాళ్ళు నిద్రపోతుంటారు. వారపు ఖర్చులు చేతికి ఇచ్చి సంతకు పంపే రోజున ఆడవారు తీరికగా దొరుకుతారు. బట్టీ యజమానితో, సర్దారుతో ముందుగా మాట్లాడకుండా వెళ్ళితే మనకేమీ కాదు, మనతో మాట్లాడినవారికి మాట పడుతుంది. ఫోటోలు తీయవద్దు. రోహింగ్యా బస్తీలో మరీ వద్దు, వాళ్ళకు కాగితము అన్నా, పేరు వ్రాసుకోవడము అన్నా గుండె గుభేలుమంటుంది, దానికి వారి కారణములు వారికున్నవి. మాత్రల సంచీ పట్టుకొని వెళ్ళవద్దు. సంచీ చూస్తే మాట ఎవరూ వినరు. ఆరోగ్యము చెప్పడానికి వెళ్ళిన చోట మరొకటి చెప్పడానికి కూర్చోవద్దు. వినేవారు అప్పు క్రింద ఉన్నవారు, వద్దనలేరు. వద్దనలేనివారి ఎదుట మన మాటను అదుపులో పెట్టుకొనుట మర్యాద.

ఇక మాకు కావలసినవి. 1966లో దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రముగా ఏర్పడిన నాటి నుండి మన సంఘములో రైల్వే కుటుంబములకు కొదువ లేదు. వాల్తేరులో, ఖుర్దా రోడ్డులో, రాయగడలో పని చేసి వచ్చినవారికి ఒడియా నోటికి వస్తుంది. అటువంటివారు పేరు కార్యదర్శిగారికి ఇవ్వవలెను. వయసుతో పని లేదు, కూర్చొని మాట్లాడగలిగితే చాలును. జార్ఖండు, బెంగాలు వైపు బడులలో పని చేసిన ఉపాధ్యాయినులు కూడ ఉన్నారని విన్నాము. రోహింగ్యా భాషకు బాలాపూరులోని ఒక పెద్దమ్మ గొంతు ఇవ్వడానికి ఒప్పుకున్నది, పేరు మాత్రము వేయవద్దన్నది. రికార్డు చేయుటకు చప్పుడు లేని గది కావలెను, శనివారము సాయంత్రములు మన హాలు వెనుక గది ఇచ్చెదమని పెద్దలు సెలవిచ్చారు. బట్టీలకు మనుషులు నవంబరు చివరి వారములో దిగుతారు, అప్పటికి ఐదు సంగతులూ సంబల్‌పురీలో సిద్ధముగా ఉండవలెను. ఇంటిలో ఊరక పడి ఉన్న పాత ఫోనులు ఉంటే తెచ్చి ఇవ్వండి. అద్దము పగిలినా పరవాలేదు, మెమొరీ కార్డు పట్టి, పాట గట్టిగా వినిపించేదైతే చాలును. ఛార్జరు మరచిపోకుండా తేవలెను.